ఎన్‌డీ అంటే లేదని కాదు

పోయిన నెల ఈ శీర్షికలో బియ్యంలో ఆర్సెనిక్ సంగతి నాలుగు ముక్కలు రాశాను. అంతే, ఉత్తరాలూ మెసేజ్‌లూ కలిపి ఒక కట్ట అయ్యాయి. అందులో సగం "అయితే ఇక అన్నం మానేయాలా సార్" అన్నవే. మానక్కర్లేదు, నేను రెండు పూటలా అన్నమే తింటున్నాను. మిగిలిన సగంలో మాత్రం పనికొచ్చే ప్రశ్నలున్నాయి, ముఖ్యంగా ఇంట్లోనే ఏదో ఒకటి తయారుచేసి అమ్ముకునేవాళ్ల నుంచి, ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లల నుంచి. ముప్పై ఏళ్లకు పైగా క్యూసీలో, అంటే సరుకు నాణ్యత పరీక్షించే విభాగంలో ఉండి రిటైరైన వాణ్ని కాబట్టి వాటి మీద నాలుగు మాటలు చెప్పగలను. అన్నట్టు, ఆర్సెనిక్‌ని మన పెద్దలు పాషాణం అన్నారు. ఆ మాటకి రాయి అనీ విషమనీ రెండర్థాలు. దీని విషయంలో రెండూ నిజమే.

ప్రశ్న: సార్, నేనూ మా చెల్లెలూ కలిసి ఉగ్గు పొడి, రాగి మాల్ట్ చేసి అమ్ముతున్నాం. హైదరాబాద్‌లో ఒక స్టోర్ వాళ్లు హెవీ మెటల్స్ రిపోర్టు కావాలంటే ల్యాబులో ఇచ్చి చేయించాం. ఆర్సెనిక్ ఎదురుగా ‘ఎన్‌డీ’ అని వచ్చింది. సంతోషపడేలోపు స్టోర్ వాళ్లు ఈ రిపోర్టు చాలదన్నారు. ఎన్‌డీ అంటే లేదనే కదా? ఇంకేం కావాలి వాళ్లకి? (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: కాదమ్మా. ఎన్‌డీ అంటే ‘నాట్ డిటెక్టెడ్’, వెతికినవాళ్లకి కనబడలేదని మాత్రమే. మా అత్తగారు కళ్లజోడు పెట్టుకోకుండా బియ్యం ఏరి "ఒక్క రాయీ లేదు" అనేవారు. పంటి కింద పడ్డాక మాకు తెలిసేది. ల్యాబూ అంతే. ఏ కళ్లజోడుతో చూశారో రిపోర్టులో రాయాలి. దాన్ని ఎల్‌వోక్యూ అంటారు, అంటే ఆ ల్యాబు నమ్మకంగా కొలవగలిగిన అతి తక్కువ మోతాదు. మీ రిపోర్టు ఫొటో పంపారు కదా, కింద చిన్న అక్షరాల్లో 0.5 మిల్లీగ్రాములు/కిలో అని ఉంది చూడండి. మీ పొడిలో కిలోకి 0.4 మిల్లీగ్రాములున్నా వాళ్లు ఎన్‌డీ అనే రాస్తారు. అబద్ధం రాసినట్టు కాదు, నిజమూ చెప్పినట్టు కాదు. అమెరికాలో ఆహారం, మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ పసిపిల్లల బియ్యపు సీరియల్‌కి 2020లో పెట్టిన హద్దు కిలోకి 0.1 మిల్లీగ్రామే, అదీ ఇనార్గానిక్ ఆర్సెనిక్‌కి, అంటే ఒంటికి ఎక్కువ హాని చేసే రూపానికి. స్టోర్ వాళ్లు ఆ లెక్కలో ఆలోచిస్తూ ఉంటే మీ ఎన్‌డీ వాళ్లకి దేనికీ పనికిరాదు.

కిలోకి 0.1 మిల్లీగ్రాము ఎంతో చెబుతాను. పాతిక కిలోల బస్తా మొత్తంలో రెండున్నర మిల్లీగ్రాములు, అంటే చిటికెడు ఉప్పులో పదో వంతు కూడా ఉండదు. ఇంత తక్కువని పట్టాలంటే ఐసీపీ-ఎంఎస్ అనే మిషన్ ఉండాలి, లేదా ఆర్సెనిక్‌ని వాయువుగా మార్చి కొలిచే, హైడ్రైడ్ జోడించిన ఏఏఎస్ అనే మిషన్ అయినా ఉండాలి. కాబట్టి ఈసారి శాంపిల్ ఇచ్చే ముందే ఫోన్ చేసి, ఏ మిషన్ మీద చేస్తారు, ఎల్‌వోక్యూ ఎంత, మొత్తం ఆర్సెనిక్ చెబుతారా లేక ఇనార్గానిక్ విడిగా చెప్పగలరా అని అడగండి. ల్యాబులకి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందా అని అందరూ అడుగుతారు. ఆ గుర్తింపు ఏ పదార్థానికి, ఏ పరీక్షకి, ఎంత మోతాదు దాకా వర్తిస్తుందో ‘స్కోప్’ అనే కాగితంలో ఉంటుంది. అది అడిగేవాళ్లని నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇంకోటి, మీరు శాంపిల్ ఎలా తీశారో రాయలేదు. ఒక ప్యాకెట్ చింపి పై నుంచి వంద గ్రాములు ఇచ్చి ఉంటే అది ఆ ప్యాకెట్ రిపోర్టే తప్ప మీ సరుకు రిపోర్టు కాదు. ఒకే బ్యాచ్‌లోని ఐదారు ప్యాకెట్లు బాగా కలిపి అందులోంచి ఇవ్వండి. ఉగ్గులో బియ్యం పాలు ఎక్కువైతే బియ్యాన్ని విడిగా కూడా ఒకసారి చేయించండి, ఎందుకంటే ఆ పొడిలో ఆర్సెనిక్ ఉంటే చాలావరకు అక్కడి నుంచే వస్తుంది, రాగుల నుంచి కాదు.

ప్రశ్న: నమస్కారమండీ. డల్లాస్‌లో మా అమ్మాయి దగ్గరున్నాను. మనవడికి ఆరు నెలలు నిండాయి. ఇక్కడి పిల్లల డాక్టరు రైస్ సీరియల్ ఒక్కటే పెట్టొద్దు, ఆర్సెనిక్ ఉంటుంది అంది. ముగ్గురు పిల్లల్ని బియ్యపు ఉగ్గుతోనే పెంచాను, ఏమీ కాలేదు. ఇది వింత కాదా? (ఒక అమ్మమ్మ)

జవాబు: డాక్టరమ్మ చెప్పింది సబబేనండీ, మీరు పెంచింది కూడా తప్పు కాదు. వరి నీళ్లలో నిలబడి పెరిగే పంట. మడిలో నీళ్లు నిలిచినప్పుడు మట్టికి గాలి ఆడదు, అప్పుడు మట్టి పట్టి ఉంచిన ఆర్సెనిక్ కరిగి నీళ్లలోకి వస్తుంది. వరి మొక్కకి సిలికా అంటే ఇష్టం, ఆ సిలికాని లాక్కునే దారిలోనే ఇది కూడా లోపలికి దూరుతుంది. గోధుమకి, జొన్నకి ఈ బెడద ఇంతగా లేదు. పైగా అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో వరి వేస్తున్న పొలాలు కొన్ని ఒకప్పటి పత్తి చేలు. పత్తికి ఆ రోజుల్లో ఆర్సెనిక్ మందులు కొట్టేవారు, అది మట్టిలోంచి ఎక్కడికీ పోదు. పసివాడి ఒంటి బరువుకి తినే తిండి ఎక్కువ, తినేది రోజూ ఒకటే అయితే లెక్క పెరుగుతుంది. అందుకే ‘ఒక్కటే’ పెట్టొద్దన్నారు. ఓట్స్, రాగులు, గోధుమ రవ్వ, పెసరపప్పు మార్చి మార్చి పెట్టండి.

పెద్దవాళ్లకి బియ్యం కొనేటప్పుడు, 2014లో కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే పత్రిక పరీక్షించి చెప్పిన దాని ప్రకారం ఇండియా, పాకిస్తాన్, కాలిఫోర్నియా తెల్ల బాస్మతిలో ఇనార్గానిక్ ఆర్సెనిక్ మిగతా వాటిలో సగమే ఉంది. దంపుడు బియ్యం ఆరోగ్యమని అమ్మాయి కొంటూ ఉంటే ఒక మాట, ఆర్సెనిక్ తవుడు పొరలోనే ఎక్కువ చేరుతుంది. అంతర్జాతీయంగా ఆహార ప్రమాణాలు పెట్టే కోడెక్స్ వాళ్లు పాలిష్ బియ్యానికి కిలోకి 0.2 మిల్లీగ్రాములు హద్దు పెట్టి, దంపుడు బియ్యానికి 0.35 దాకా సడలించారు. సడలించడానికి కారణం దంపుడు బియ్యం మంచిదని కాదు, అందులో ఉండేదే ఎక్కువని.

ఇప్పుడు మీకు నచ్చే మాట. మీ అమ్మగారు అన్నం వార్చేవారా, అత్తెసరు పెట్టేవారా? కుక్కర్లొచ్చాక మనమంతా అత్తెసరుకి మారిపోయాం, పోసిన నీళ్లన్నీ అన్నంలోనే ఇంకిపోతాయి, ఆర్సెనిక్ కూడా అందులోనే ఉండిపోతుంది. ఒకటికి ఆరు పాళ్లు నీళ్లు పోసి వండి గంజి వార్చేస్తే ఇనార్గానిక్ ఆర్సెనిక్‌లో దాదాపు 45 శాతం దాకా పోతుందని 2009లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. దాంతో పాటు బి విటమిన్లు కొన్ని గంజిలోకి పోతాయి, అది నష్టమే. ఆ గంజి తాగితే మాత్రం వార్చి లాభం లేదు. గంజి తాగి పెరిగిన వాణ్నే నేను, చెప్పడానికి కష్టంగానే ఉంది.

ప్రశ్న: సార్, నేను జీడిమెట్లలో ఒక కంపెనీలో క్యూసీలో చేరి ఏడు నెలలైంది. ఆర్సెనిక్ లిమిట్ టెస్ట్ చేస్తే శాంపిల్ పేపరూ పసుపు, బ్లాంక్ పేపరూ పసుపు. సీనియర్‌ని అడిగితే "స్టాండర్డ్ కన్నా లేతగా ఉందిగా, రాసేయ్" అన్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: రాయకు బాబూ. బ్లాంక్ అంటే శాంపిల్ వేయకుండా మిగతావన్నీ వేసి నడిపే సీసా, అందులో రంగు వచ్చిందంటే ఆ రోజు ఆ పరీక్షే జరగలేదని అర్థం.

మిగతా పాఠకుల కోసం ఈ పరీక్ష ఏమిటో చెబుతాను, ఎందుకంటే కెమిస్ట్రీలో ఇంత అందమైన పని తక్కువ. ఒక చిన్న సీసాలో శాంపిల్ ద్రావణం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పొటాషియం అయొడైడ్ పోసి, పది గ్రాముల జింకు పలుకులు వేసి, వెంటనే బిరడా బిగిస్తాం. బిరడాలోంచి రెండొందల మిల్లీమీటర్ల గాజు గొట్టం పైకి ఉంటుంది. గొట్టంలో లెడ్ ఎసిటేట్‌లో తడిపి ఆరబెట్టిన దూది, గొట్టం కొసన రూపాయి బిళ్ల కన్నా చిన్నగా మెర్క్యూరిక్ క్లోరైడ్ పూసిన కాగితం. జింకు ఆమ్లంలో బుసబుసా పొంగుతుంది. శాంపిల్‌లో ఆర్సెనిక్ ఉంటే అది ఆర్సీన్ అనే వాయువుగా మారి పైకి వచ్చి ఆ కాగితం మీద పసుపు మరక వేస్తుంది. నలభై డిగ్రీల దగ్గర నలభై నిమిషాలు. పక్కనే ఇంకో సీసాలో సరిగ్గా పది మైక్రోగ్రాముల ఆర్సెనిక్ వేసిన స్టాండర్డ్. రెండు మరకలూ పక్కపక్కన పెట్టి పగటి వెలుగులో చూడాలి, వెంటనే చూడాలి, టీకి వెళ్లొస్తే మరక వెలిసిపోతుంది. శాంపిల్ పది గ్రాములు తీసుకుని ఉంటే స్టాండర్డ్ మరక ఒక పీపీఎంకి, అంటే కిలోకి ఒక మిల్లీగ్రాముకి సమానం, ఐదు గ్రాములైతే రెండు. అంతే లెక్క. ఆర్సీన్ పీలిస్తే ప్రాణం మీదికి వస్తుంది, ఇదంతా ఫ్యూమ్ హుడ్‌లోనే.

ఇక నీ బ్లాంక్ సంగతి. 2003 వేసవిలో నేను పనిచేసిన చోట సోడియం సిట్రేట్ రెండు బ్యాచ్‌లు వరసగా ఫెయిలయ్యాయి. ప్రొడక్షన్ మేనేజర్ ల్యాబ్ గుమ్మంలో నిలబడి అరుస్తున్నాడు, మేమేమో ముడిసరుకు దగ్గర్నుంచి నీళ్ల దాకా అన్నీ అనుమానించాం. రోజూ చేసే టెస్టే కదా అని బ్లాంక్ పెట్టడం మానేసి అప్పటికి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. మూడో రోజు మా ల్యాబ్ అటెండర్, చదివింది ఏడో తరగతి, "సార్, ఈ జింకు డబ్బా మీద ఆ మూడక్షరాలు లేవేంటి" అన్నాడు. ఆ మూడక్షరాలు ‘ఏఎస్‌టీ’. ఆర్సెనిక్ పరీక్షకు పనికొచ్చేలా ఆర్సెనిక్ తీసేసిన సరుకు అని గుర్తు. స్టోర్స్ వాళ్లు రేటు తక్కువని మామూలు జింకు తెచ్చారు. జింకు ఖనిజంతో పాటు ఆర్సెనిక్ నేల లోపల కలిసే ఉంటుంది, శుద్ధి చేయకపోతే లోహంలో మిగులుతుంది. మేం సిట్రేట్‌ని కాదు, మూడు రోజులుగా జింకుని పరీక్షించాం.

కాబట్టి ముందు జింకు, తరవాత ఆమ్లం, ఈ రెండింటి మీదా ఏఎస్‌టీ ఉందేమో చూడు. గాజు సామాను కడిగింది ఎవరో చూడు. దూది నల్లబడి ఉంటే గంధకం వస్తోంది, మార్చు. మరక పసుపు కాకుండా నల్లగా ఉంటే అది సల్ఫైడో, యాంటిమొనీయో కావచ్చు. హైపోఫాస్ఫైట్ లాంటి శాంపిల్స్ నుంచి ఫాస్ఫీన్ వచ్చి అచ్చం ఆర్సెనిక్‌లాగే పసుపు మరక వేస్తుంది, మోసపోకు. అన్నీ సరిగ్గా ఉన్నాయనిపించాక శాంపిల్‌లోనే తెలిసినంత స్టాండర్డ్ కలిపి చెయ్యి, కలిపినంతా తిరిగి కనబడితే నీ పరీక్ష నడుస్తున్నట్టు. మీ సీనియర్‌తో గొడవ పెట్టుకోకు, నోట్‌బుక్‌లో మాత్రం కనబడినదే రాయి, తేదీ వేసి.

ఇదంతా పాతకాలం పని, ఇప్పుడెందుకు అంటావేమో. మందుల ప్రమాణాలు చెప్పే అమెరికా ఫార్మకోపియా 2018 జనవరి 1 నుంచి పాత హెవీ మెటల్స్ రంగు పరీక్షని తీసేసి మిషన్ల మీదికి మారింది, నోటి ద్వారా తీసుకునే మందుల్లో ఆర్సెనిక్ రోజుకి 15 మైక్రోగ్రాములు మించకూడదనే లెక్క వచ్చింది. కానీ మిషన్‌కి కూడా బ్లాంక్ ఉంటుంది, దాన్నీ ‘రాసేయ్’ అనేవాళ్లు ఉంటారు.

ప్రశ్న: మాస్టారూ, మాది అనకాపల్లి పక్క ఊరు, బెల్లం వండుతాం. రంగు కోసం హైడ్రోస్ అనే తెలుపు చేసే మందు వేయొద్దంటే సరే, మానేశాం. మడ్డి తేలడానికి ఎరువుల కొట్లో దొరికే సూపర్ ఫాస్ఫేట్ గుప్పెడు వేస్తాం, కొందరు ఫాస్ఫారిక్ యాసిడ్ వేస్తారు. దానికీ పాషాణానికీ సంబంధం ఉందని ఎవరో అన్నారు. నిజమేనా?

జవాబు: సంబంధం ఉంది. ఫాస్ఫేట్ నేలలోంచి తవ్వి తీసిన రాయి. ఆ రాయిలో ఆర్సెనిక్, కాడ్మియం, ఫ్లోరైడ్ కొద్దో గొప్పో ఉంటాయి. దాని మీద సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసి ఎరువు చేస్తారు, ఆ యాసిడ్ పైరైట్ ఖనిజాన్ని కాల్చి చేసింది అయితే అది కూడా తన వంతు తెస్తుంది. తినే వస్తువుల్లో వాడే ఫాస్ఫేట్లకి ఆర్సెనిక్ మూడు పీపీఎం మించకూడదని అంతర్జాతీయ ప్రమాణం, అలా శుద్ధి చేసి, పరీక్షించి ‘ఫుడ్ గ్రేడ్’ అని అమ్ముతారు. ఎరువు బస్తా మీద ఆర్సెనిక్ ఎంతో మీకు కనబడదు, ఎందుకంటే దాన్ని ఎవరూ పెనంలో వేస్తారని అనుకోలేదు. మీ గుప్పెడులో ఎంతుందో నేనూ ఇక్కడ కూర్చుని చెప్పలేను. పోయినేడు బస్తా, ఈ ఏడు బస్తా ఒకే రాయి నుంచి వచ్చాయని మీరూ చెప్పలేరు. అసలు చిక్కు అదే.

జపాన్‌లో 1955 వేసవిలో జరిగింది చెబుతాను, చదివాక ఆ బస్తా వంక చూడబుద్ధి కాదు. పశ్చిమ జపాన్‌లో పసిపిల్లలకి ఉన్నట్టుండి జ్వరాలు, విరేచనాలు, ఒళ్లు నల్లబడటం, పొట్టలు ఉబ్బటం. ఎండలకనుకున్నారు. చివరికి ఒకయామాలో డాక్టర్లు చూస్తే పిల్లలంతా ఒకే కంపెనీ పాలపొడి తాగుతున్నారు, మొరినాగా. తొకుషిమాలోని ఆ కంపెనీ ఫ్యాక్టరీలో పాలు విరక్కుండా డైసోడియం ఫాస్ఫేట్ కొద్దిగా కలిపేవారు. అంతకు ముందు బాగానే నడిచింది. ఆ ఏడు వచ్చిన సరుకు మాత్రం అల్యూమినియం శుద్ధి చేసే చోట మిగిలిపోయిన వ్యర్థం నుంచి తీసినది, అందులో ఆర్సెనిక్ ఉంది. పేరు అదే, చూపుకి అదే తెల్ల పొడి. పన్నెండు వేల మందికి పైగా పిల్లలకి విషం ఎక్కింది, 130 మంది చనిపోయారు. నన్ను నిద్రపోనివ్వని ముక్క ఇంకోటుంది. అదే రకం సరుకుని అక్కడి రైల్వే వాళ్లు ఆవిరి ఇంజన్ల బాయిలర్లు కడగడానికి కొన్నారు. కొని, వాడే ముందు పరీక్షించి, ఆర్సెనిక్ ఉందని వెనక్కి పంపేశారు. బాయిలర్ కోసం పరీక్షించారు, పాల కోసం పరీక్షించలేదు. బతికిన పిల్లలకి ఇక భయం లేదని అప్పట్లో తేల్చేశారు కానీ, 1969లో కొందరు ఉపాధ్యాయులు, నర్సులు ఇల్లిల్లూ తిరిగి చూస్తే అవస్థలు పోలేదు.

మీకు నా సలహా, బెండ కాండం దంచి తీసిన జిగురు రసంతో మడ్డి తేల్చడం మీ పెద్దవాళ్లకి తెలిసే ఉంటుంది, దానికి మారండి. ఫాస్ఫారిక్ యాసిడే కావాలంటే ఫుడ్ గ్రేడ్ క్యాన్, దాని బ్యాచ్ నంబరుతో అనాలిసిస్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. ధర ఎక్కువ, అవును. హైడ్రోస్ గురించి ఒక చిన్న పిడకలవేట: హైడ్రోస్ వేసిన బెల్లాన్ని పైన చెప్పిన సీసాలో పెడితే గంధకం వాయువు పొంగుకొచ్చి గొట్టంలో దూది బొగ్గులా నల్లబడుతుంది. ఆర్సెనిక్ కోసం వెతికితే ఇంకో దొంగ దొరికినట్టు.

ప్రశ్న: అన్నయ్యగారూ, భీమవరంలో రొయ్యల పచ్చడి, ఆవకాయ చేసి బయటి దేశాలకి పంపుతాం. ఒకే బ్యాచ్ రొయ్యల పచ్చడి రెండు ల్యాబులకిస్తే ఒకరు ఆర్సెనిక్ 1.9 పీపీఎం అన్నారు, ఇంకొకరు 0.2 అన్నారు. ఎవరిని నమ్మాలి? డబ్బులు ఇద్దరూ ఒకేలా తీసుకున్నారు.

జవాబు: ఇద్దరూ నిజాయితీగానే చేసి ఉండొచ్చమ్మా, మీ పచ్చడే అంత గడుసుది. అందులో రెండు తిరకాసులున్నాయి.

మొదటిది ఉప్పు. ఐసీపీ-ఎంఎస్ మిషన్ పరమాణువుల్ని బరువు చూసి గుర్తుపడుతుంది. ఆర్సెనిక్ బరువు 75. ఆ మిషన్‌లో మండేది ఆర్గాన్ వాయువు, బరువు 40. ఉప్పులో క్లోరిన్ బరువు 35. ఆ మంటలో ఆర్గానూ క్లోరినూ జంట కడితే నలభై, ముప్పై ఐదు, కూడండి. 75! మిషన్‌కి ఆ జంట ఆర్సెనిక్‌లాగే కనబడుతుంది. అందుకే హీలియం నింపిన గదిలోంచి పంపి ఆ జంటని అడ్డుకోవాలి, లేదా లెక్కలో దిద్దాలి. ఆవకాయ, ఊరగాయలు, ఉప్పు చేప చేసేటప్పుడు ఈ జాగ్రత్త తీసుకోని ల్యాబులో నంబరు లేనిపోని ఎత్తుకి పోతుంది.

రెండోది రొయ్య. సముద్రపు చేపల్లో, రొయ్యల్లో ఆర్సెనిక్ సహజంగానే ఎక్కువ, కానీ అందులో చాలావరకు ఆర్సెనోబీటైన్ అనే ఆర్గానిక్ రూపం. అది ఒంట్లోంచి మూత్రంలో అలాగే వెళ్లిపోతుంది, బాధించదు. చెరువు రొయ్యలో ఇంకాస్త తక్కువ ఉంటుంది. ఈ ఆర్సెనోబీటైన్ మొండి ఘటం, నైట్రిక్ యాసిడ్‌లో మైక్రోవేవ్‌లో బాగా మరిగించినా పూర్తిగా విరగదు. విరగకపోతే హైడ్రైడ్ మిషన్‌కి అసలు కనబడదు. 0.2 చెప్పినవాళ్లు ఆ పద్ధతిలో చేశారేమో కనుక్కోండి. అంటే ఒకరికి ఉప్పు వల్ల ఎక్కువ, ఇంకొకరికి రొయ్య వల్ల తక్కువ వచ్చి ఉండొచ్చు.

మీకు కావలసింది మూడో నంబరు, ఇనార్గానిక్ ఆర్సెనిక్. ద్రవ క్రొమటోగ్రఫీతో రూపాల్ని విడదీసి ఆ తరవాత ఐసీపీ-ఎంఎస్‌కి ఎక్కిస్తారు. ఖర్చు ఎక్కువ, అన్ని ల్యాబుల్లో లేదు. కొనేవాళ్లు ఏ రూపం అడుగుతున్నారో ముందు కాగితం మీద రాయించుకుని అప్పుడు ఇవ్వండి.

ప్రశ్న: పసుపులో ఆర్సెనిక్ కలుపుతారట కదా?

జవాబు: కాదు, రంగు కోసం కలిపేది లెడ్ క్రోమేట్. అది సీసం. కొమ్ములు కొని పట్టించుకోండి.

ప్రశ్న: మిషన్లు లేని రోజుల్లో పాషాణం పెట్టి చంపితే ఎలా పట్టుకునేవారు సార్? డిగ్రీ సెకండియర్, బీజడ్‌సీ.

జవాబు: చాలాకాలం పట్టుకోలేదు, అందుకే అంతమంది వాడారు. తెల్ల పాషాణానికి రుచీ వాసనా లేవు. 1833లో ఇంగ్లండ్‌లో జార్జ్ బోడిల్ అనే ముసలాయన కాఫీ తాగి చనిపోతే మనవడి మీద కేసు పెట్టారు. జేమ్స్ మార్ష్ అనే కెమిస్టు కాఫీలోంచి పసుపు అవక్షేపం తీసి ఆర్సెనిక్ అని తేల్చాడు, కానీ కోర్టుకు తెచ్చేసరికి ఆ పసుపు పాడైపోయింది, జ్యూరీకి నమ్మకం కుదరలేదు, మనవడు బయటపడ్డాడు. తరవాత తనే చేశానని ఒప్పుకున్నాడు. ఆ కసితో మార్ష్ 1836లో కొత్త పరీక్ష కనిపెట్టాడు. జింకు, ఆమ్లం, పైకొచ్చే వాయువుని వెలిగించి ఆ మంటకి చల్లటి పింగాణీ పళ్లెం అడ్డం పెడితే నల్లటి అద్దంలా మరక. కోర్టులో అందరికీ చూపించొచ్చు, వెలిసిపోదు. జీడిమెట్ల కుర్రాడి సీసా దానికి మనవడే.

హంతకుల కన్నా ఎక్కువమందిని చంపింది మాత్రం సరుకే. 1900లో మాంచెస్టర్ చుట్టుపక్కల బీరు తాగేవాళ్లకి కాళ్లు చచ్చుబడటం, చర్మం నల్లబడటం మొదలైంది. తాగుడు వల్లేలే అని డాక్టర్లు తోసేశారు. ఎర్నెస్ట్ రెనాల్డ్స్ అనే డాక్టరుకి ఒక అనుమానం, విస్కీ తాగేవాళ్లకి ఎందుకు రావట్లేదు? బీరు తీసుకుని పరీక్షిస్తే ఆర్సెనిక్. బీరులో కలిపే చక్కెర, ఆ చక్కెర చేయడానికి వాడిన సల్ఫ్యూరిక్ యాసిడ్, ఆ యాసిడ్‌కి వాడిన పైరైట్, అలా వెనక్కి వెళ్తే అక్కడ దొరికింది. ఆరు వేల మంది దాకా జబ్బుపడ్డారు, డెబ్బై మంది దాకా పోయారు. లార్డ్ కెల్విన్ అధ్యక్షతన కమిషన్ వేసి ఆహారంలో ఆర్సెనిక్‌కి హద్దులు చెప్పారు. యాసిడ్ అమ్మినవాడికి అది బీరులోకి పోతుందని తెలియదు, కొన్నవాడు దేనికో చెప్పలేదు.

ప్రశ్న: మా బోరు నీళ్లకి ఆర్సెనిక్ కిట్ కొనాలా? కాచితే పోతుందా?

జవాబు: కాచితే పోదు, నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. తాగే నీళ్లకి హద్దు లీటరుకి 0.01 మిల్లీగ్రాము. కిట్‌లో ఉండేది ఆ జింకు, కాగితం పరీక్షే, చిన్న సీసాలో. బంగ్లాదేశ్‌లో దాదాపు యాభై లక్షల గొట్టపుబావుల్ని అలాంటి కిట్లతోనే పరీక్షించి, చెడ్డవాటికి ఎర్ర రంగు, మంచివాటికి ఆకుపచ్చ రంగు వేశారు. హద్దు దగ్గర్లో ఉండే నీళ్లకి కిట్ తడబడుతుంది, పెద్ద మోతాదుని మాత్రం పట్టేస్తుంది. గంగ, బ్రహ్మపుత్ర మైదానాలంత బెడద మన దగ్గర లేదు, మన బోర్లలో ముందు చూడాల్సింది ఫ్లోరైడ్. ఫ్యాక్టరీల పక్కన ఉంటే మాత్రం కిట్ కాదు, ల్యాబుకే ఇవ్వండి.

ప్రశ్న: అయ్యా, మా తాతగారు నాటువైద్యం చేసేవారు. ఆయన చెక్కపెట్టె ఇన్నాళ్లకి తెరిచాం. ‘తాళకం’ అని చీటీ ఉన్న పసుపు పెళ్లలు, ‘మణిశిల’ అని రాసిన సీసాలో ఎర్ర రాళ్లు ఉన్నాయి. ఎర్ర రాళ్ల సీసా అడుగున పసుపు పొడి రాలి ఉంది, అదెక్కడిదో తెలియదు. తాతగారి గుర్తుగా ఉంచుకోవాలని ఉంది. (అమలాపురం)

జవాబు: ఆ రెండూ ఆర్సెనిక్, గంధకం కలిసిన ఖనిజాలు. హరిదళం అన్నా తాళకం అన్నా పసుపుది, మణిశిల ఎర్రది. పెట్టె గుర్తుగా ఉంచుకోండి, చీటీలూ ఉంచుకోండి, రాళ్లు మాత్రం వద్దు. పొయ్యిలో వేయకండి, కాలితే తెల్ల పాషాణం పొగ వస్తుంది. కాలువలో, చెత్తలో వేయకండి. చేతులకి గ్లోవ్స్, ముక్కుకి మాస్కు పెట్టుకుని సీసాల్ని మూతలు బిగించి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, ‘ఆర్సెనిక్ విషం’ అని పెద్దక్షరాల్లో రాసి, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ ఆఫీసుకి ఫోన్ చేసి ఎక్కడ ఇవ్వాలో అడగండి. అక్కడ పని కాకపోతే దగ్గర్లోని డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ వాళ్లని అడిగి చూడండి. పెట్టె లోపల తడిగుడ్డతో తుడవండి, చీపురు పెట్టి ఊడ్వొద్దు.

ఆ పసుపు పొడి ఎవరో పోసింది కాదు. మణిశిల వెలుతురు తగిలేకొద్దీ ఏళ్ల తరబడి అలా పసుపు పొడిగా విరిగిపోతుంది. మీ తాతగారి సీసా కిటికీ వైపు ఉండేదేమో.